షిఫ్టులో పని పంచేటప్పుడు పక్షపాతం అన్న మాట రాకుండా ఉండాలంటే

చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో ఈ సీజను నుంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా బాధ్యత తీసుకున్నారని, మీ కింద 18 మంది ఉన్నారని, వారిలో సగం మంది వయసులోనూ అనుభవంలోనూ మీకన్నా పెద్దవారని, ఎవరికి ఏ పని అప్పగించినా ఇంకొకరు మొహం ముడుచుకుంటున్నారని రాశారు. పేర్లు చీటీల మీద రాసి, ఎవరికి వచ్చిన పని వారికి ఇచ్చేస్తే ఇక పక్షపాతం అనే మాటకు తావుండదు కదా అని కూడా అడిగారు.

చీటీలు వద్దు. పనులను మూడుగా విడదీయండి. ఎవరూ కోరుకోని కష్టమైన పనులను వంతులవారీగా తిప్పండి. చేయి తిరిగినవారే చేయవలసిన పనులను వారికే ఇచ్చి, పక్కన నేర్చుకునే మనిషిని ఒకరిని తప్పకుండా పెట్టండి. మిగిలిన పనుల్లో వారి ఇష్టాన్ని అడగండి. ఆ మూడింటినీ షిఫ్టు మొదలయ్యే ముందే బోర్డు మీద పేర్లతో రాయండి. ఎవరైనా వచ్చి ‘నాకెందుకు ఈ పని వేశారు’ అని అడిగితే ఒక్క వాక్యంలో కారణం చెప్పగలిగేలా ఉండాలి. కారణం చెప్పలేకపోతే ఆ పేరు అక్కడ రాయకండి.

చిత్తూరు, బంగారుపాళ్యం, తిరుపతి పరిసరాల్లోని యూనిట్లలో కాయ దించే యార్డు దగ్గర మొదలుపెట్టి ప్రొడక్షన్ బాధ్యత దాకా పనిచేసినవాడిని కాబట్టి, నేను చెప్పేదంతా ఆ పని చుట్టూనే ఉంటుంది. అయితే పదిమందిని పెట్టుకుని పని చేయించే ఏ చోటికైనా ఇందులో చాలా భాగం వర్తిస్తుందని నా నమ్మకం.

ముందు చీటీల సంగతి. మన పనిలో ఎవరైనా ఎక్కడైనా నిలబడవచ్చు అనుకోవడానికి వీలు లేదు. బాయిలరు దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంటే ఉండాలన్నది చట్టం. కాయ మాగబెట్టే గదిలో, కాయను మాగించే ఎథిలీను గాలి 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాటకూడదు. మాగే కాయ వదిలే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) గదిలో నిండి ఉంటుంది కాబట్టి, తలుపులు తెరిచి గాలి మార్చిన తరువాతే మనుషులను లోపలికి పంపాలి. ఇది తెలియని మనిషికి చీటీలో ఆ గది వస్తే ఏమవుతుందో ఆలోచించండి. అంత ప్రమాదం లేని చోట కూడా నష్టం ఉంటుంది. తోతాపురి రకం మామిడి పల్పుకు తీపి కొలత సాధారణంగా 14 బ్రిక్స్‌కు తగ్గకూడదని కొనేవారు అడుగుతారు. మాగీ మాగని కాయను చేత్తో పట్టుకోగానే పోల్చుకుని పక్కన పెట్టే మనిషి బెల్టు మీద లేకపోతే, సాయంత్రం ఆ తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటరులో అంకె పడిపోతుంది. అప్పుడు మాట పడేది ఆ రోజు చీటీ తీసిన అమాయకురాలే. చీటీ మీ మీదకు రావలసిన నిందను తప్పించి, ఆ నిందను మోయలేని మనిషి మీద పెడుతుంది. న్యాయం అనిపించుకునే పద్ధతి ఇది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ దగ్గర గొడవ పని గంటల గురించి అయి ఉండదు. అందరికీ గంటలు ఒకటే, బహుశా కూలి కూడా ఒకటే. గొడవంతా పని బరువు గురించి. ఆ బరువు ఆఫీసులో కూర్చున్నవారికి కనబడదు. పచ్చికాయ దించే మనిషి ముంజేతుల మీద సొన పడి చర్మం కాలిపోయి నల్లటి మచ్చలు తేలతాయి. టెంకలు, తొక్కలు ట్రాక్టరుకు ఎత్తే మనిషికి ఈగలూ పులిసిన వాసనా తప్పవు. లైను ఆగిన తరువాత కాస్టిక్ అనే ఘాటైన క్షారంతో గొట్టాలు కడిగే మనిషి అందరికన్నా ఆలస్యంగా ఇంటికి వెళతాడు. డ్రమ్ములు నింపే చోట చల్లగా, శుభ్రంగా ఉంటుంది, తెల్లకోటు వేసుకుని నిలబడవచ్చు. రిజిస్టరులో ఈ నలుగురివీ ఎనిమిది గంటలే.

ఇదే బరువు ఒకే పని లోపల కూడా ఎలా దాగి ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే చాలా మంది సూపర్‌వైజర్లు దీన్ని గమనించరు. ఏరే బెల్టు దగ్గర నలుగురు ఆడవాళ్లు వరసగా నిలబడతారు. కాళ్లకు గంబూట్లు, కింద ఎప్పుడూ తడి నేల, చేతిలో చిన్న కత్తి. కడిగిన పండు వారి ముందు నుంచి సాగిపోతుంటే కుళ్లినదాన్ని తీసి క్రేటులో వేయాలి, మచ్చ ఉన్నంత మేరకు కోసి మిగిలిన పండును మళ్లీ బెల్టు మీద పెట్టాలి. మొదటి స్థానంలో నిలబడిన ఆమె ముందుకు మొత్తం సరుకు వస్తుంది, కనబడిన కుళ్లంతా ఆమె చేతుల మీదుగానే పోతుంది. నాలుగో స్థానం దాకా వచ్చేసరికి తీయవలసింది కొద్దిగానే మిగులుతుంది. మొదటామె కళ్లూ మణికట్టూ మధ్యాహ్నానికే అలిసిపోతాయి, నాలుగో ఆమె పక్కామెతో మాట్లాడుకోగలుగుతుంది. అక్కడి నుంచే ‘ఆమెతో కబుర్లకే సరిపోతుంది, కష్టమంతా నాది’ అన్న మాట పుడుతుంది. నేను చూసిన ఒక యూనిట్లో ఇద్దరు దగ్గరి బంధువులైన స్త్రీలు ఒక సీజనంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. తరచి చూస్తే కారణం ఇదే. టీకి వదిలిన ప్రతిసారీ ఒక్కొక్క స్థానం ముందుకు జరగాలని నియమం పెట్టాక ఆ తగవు మళ్లీ రాలేదు. ఖర్చు లేని మార్పు ఇది, మీరు రేపటి నుంచే చేయవచ్చు.

అందుకని మొదట చేయవలసిన పని: ఒక రోజు ఎవరికీ ఏమీ చెప్పకుండా ప్రతి చోటా కొంతసేపు నిలబడి చూడండి. వీలైతే మీరే కాసేపు ఆ పని చేయండి. ఏ పనిలో నడుము వంచాలి, ఎక్కడ వేడి, ఎక్కడ వాసన, ఎక్కడ కూర్చునే వీలుంది, ఎక్కడ తప్పు జరిగితే అందరి ముందూ మాట పడాలి అన్నది రాసుకోండి. ఆ తరువాత మీ మనుషుల్లో ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, మీరు రాసుకున్నదానితో సరిపోల్చండి. తేడా కనిపించిన చోట వారు చెప్పినదాన్నే నమ్మండి.

మాట పడవలసి రావడం కూడా బరువే అన్నానే, దానికి ఒక ఉదాహరణ అందరికీ తెలిసినదే ఉంది. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానికి తోడు ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందని నిర్ణయించిన ఆ సీజనులో, మన జిల్లాలో ఫ్యాక్టరీ గేట్ల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి. ఎండలో కాయ మెత్తబడిపోతుంటే, అప్పు చేసి పంట తెచ్చిన రైతు ఎదుట నిలబడి ‘ఈ లోడు తీసుకోలేము’ అని చెప్పవలసినవాడు గేటు దగ్గర టోకెన్లు రాసే కుర్రవాడు. అతను ఒక్క క్రేటు కూడా ఎత్తలేదు కాబట్టి అతనిది సులువైన పని అని లోపలివారు అనుకుంటారు. అలాంటి చోట ఒకే మనిషిని రోజుల తరబడి వదిలేయకండి. మరో మాట: అక్కడికి బాగా మాట్లాడగలవాడినీ, నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాడినీ పంపాలి. అధికారం లేని మనిషిని తిట్లు తినడానికి మాత్రమే నిలబెట్టడం అన్యాయం.

కష్టమైన పనుల వంతు ఎలా వేయాలి. వారానికి ఒకసారి మార్చడం మంచిది. రోజూ మారిస్తే ఎవరికీ చేయి కుదరదు, నెలకు ఒకసారి అంటే సీజను అయిపోతుంది. ఒక పొడవాటి నోటు పుస్తకం పెట్టి, ఎడమ వైపు పేర్లు, పైన వారాలు, గడిలో ఆ వారం చేసిన బరువు పని రాయండి. అది మీ సొరుగులో ఉండకూడదు, ఎవరైనా తీసి చూసుకునే చోట ఉండాలి. 1963లో జె. స్టేసీ ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన విషయం మన యార్డులో రోజూ కనబడుతుంది: మనిషి తనకు ఎంత వచ్చిందో దాన్ని బట్టి మాత్రమే తృప్తి పడడు, తాను పెట్టిన శ్రమనూ పొందినదాన్నీ పక్కవాడి శ్రమతో, పక్కవాడు పొందినదానితో పోల్చుకుంటాడు. ఆ పోలిక జరగకుండా మీరు ఆపలేరు. ఊహల మీద జరగవలసిన పోలికను పుస్తకం మీద జరిగేలా చేయగలరు, అంతే. నా అనుభవంలో పుస్తకం బయట పెట్టిన తరువాత వచ్చే ఫిర్యాదులు తక్కువ, వచ్చినవాటిలో నిజం ఎక్కువ.

వంతులో మినహాయింపులు తప్పవు. నడుము నొప్పి ఉన్నవారిని, గర్భిణులను, సొన పడితే ఒళ్లంతా పొక్కులు లేచేవారిని ఆ పనిలో వేయకూడదు. అయితే కారణాన్ని అందరి ముందూ చెప్పకండి. ‘వారి విషయం నాతో మాట్లాడారు, బదులుగా ఫలానా పని రెండు వారాలు చేస్తారు’ అని మాత్రం చెప్పండి. బదులు పని ఉన్నదని తెలిస్తే చాలు, మిగిలినవారు గౌరవిస్తారు.

చేయి తిరిగినవారి పని. నేను ఎక్కువగా బాధపడేది ఇక్కడే. ప్రతి షిఫ్టులోనూ ఒకరిద్దరు ఉంటారు, గుజ్జు వడకట్టే ఫినిషరులో జాలీ తెగినా వారే, గుజ్జును వేడిచేసి క్రిములు చంపే స్టెరిలైజరులో వేడి నిలవకపోయినా వారే, కొత్తవాడు తప్పు రాసిన లాగ్‌షీటు సరిచేయాలన్నా వారే. దున్నే ఎద్దునే పొడిచినట్టు వారినే పిలుస్తుంటాం, ఎందుకంటే వారు కాదనరు, పని అయిపోతుంది. ఒక యూనిట్లో ఇలాంటి ఆపరేటరు ఉండేవాడు. భోజనానికి కూర్చుంటే కనీసం రెండు సార్లు లేపేవారు. జీతం మాత్రం పక్కవారితో సమానం. అతను నోరు తెరిచి ఏనాడూ అడగలేదు. తరువాతి సీజను మొదలయ్యే ముందు ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లిపోయాడు. అతని చేతి కింద ఎవరినీ తయారు చేయకపోవడం వల్ల, మొదటి పక్షం రోజులూ ఆ లైను ఆగి ఆగి నడిచింది.

కాబట్టి ఆ మనిషికి పని పెంచినప్పుడల్లా వేరే ఏదో ఒకటి తగ్గించండి. స్టెరిలైజరు చూసుకునే ఆపరేటరును షిఫ్టు చివర కడిగే పనిలో వేయవద్దు. జీతం పెంచడం మీ చేతిలో లేకపోయినా, పెంచమని యజమానికి రాతపూర్వకంగా సిఫారసు చేయడం మీ చేతిలోనే ఉంది. చేశారన్న సంగతి అతనికి తెలియనివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కన ఒక మనిషిని నేర్చుకోవడానికి పెట్టడం. ఆ మనిషి ఎవరు అన్నది బోర్డు మీద రాయాలి. ఎందుకంటే నేర్చుకునే అవకాశమే మన దగ్గర అన్నిటికన్నా విలువైన పంపకం. అది ఎప్పుడూ మేస్త్రీ మేనల్లుడికో, మీ ఊరివాడికో పోతుంటే మిగిలిన పంపకమంతా ఎంత సరిగ్గా ఉన్నా ఎవరూ నమ్మరు.

ఈ విషయంలో ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. బెల్టు మీదా కోతలోనూ ఆడవాళ్లు, మెషీన్ల దగ్గర మగవాళ్లు అన్నది మన ప్రాంతంలో అలవాటుగా పాతుకుపోయింది. ఒకే పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే వేతనం ఇవ్వాలని 1976 నుంచి చట్టం ఉన్నా, పనినే వేరు చేసేస్తే ఆ చట్టానికి అర్థం లేకుండా పోతుంది. మీ బెల్టు మీద పదో తరగతి చదివినవారు ఉండే ఉంటారు. వారిలో ఒకరిని బ్రిక్స్ చూసి రాసే పనికి, ఇంకొకరిని డ్రమ్ముల లేబుళ్లు, లాట్ నంబర్లు సరిచూసే పనికి తీసుకోండి. నేను అలా తీసుకున్న ఆడవాళ్లంత శుభ్రంగా లాగ్‌షీటు రాసిన మగవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. రాత్రి షిఫ్టు అయితే వారి సమ్మతి, ఇంటి దాకా వాహనం, భద్రత ఉండాలి. అవి ఏర్పాటు కాకుండా పేరు రాయవద్దు.

అందరి పని ఎవరి పనీ కాదు. షిఫ్టు చివర ‘అందరూ కలిసి కడిగేయండి’ అనే మాటను మానేయండి. 1913లో ప్రచురించిన ప్రయోగాల్లో మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు, తాడు లాగే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు లాగే బలం తగ్గుతూ వస్తుందని కొలిచి చూపాడు. మన దగ్గర అది ఇంకోలా కూడా జరుగుతుంది: నలుగురు మొహమాటస్థులు కడుగుతారు, మిగిలినవారు గొట్టం పట్టుకుని నిలబడతారు, మరునాడు ఆ నలుగురి మనసులోనూ మంట ఉంటుంది. టెంక వేరుచేసే డీస్టోనరు ఫలానా వారిది, బెల్టు ఫలానా వారిది, కాలువ జాలీ ఫలానా వారిది అని పేరు పెట్టండి. ఎవరిది ముందు అయిపోతే వారు ముందు వెళ్లవచ్చు. కాలువ జాలీ మాత్రం బరువు పని కిందే లెక్క కాబట్టి వంతు పుస్తకంలోకి ఎక్కించండి.

సీనియర్ల విషయం. మీకన్నా పెద్దవారికి పని చెప్పడం ఇబ్బందిగా ఉందన్నారు. బోర్డు మీద పేరు రాసేముందు, షిఫ్టుకు కాస్త ముందు వారి దగ్గరకు వెళ్లి ‘అన్నా, ఈ వారం ఇలా అనుకుంటున్నాను, మీరేమంటారు’ అని అడగండి. సగం సార్లు వారు మీకు తోచని ఇబ్బంది ఒకటి చెబుతారు, మీరు మార్చుకుంటారు. మిగిలిన సగం సార్లు ముందే అడిగారన్న గౌరవంతో ఒప్పుకుంటారు. అడిగిన తరువాత నిర్ణయం మాత్రం మీదే, అందులో తడబడకండి. పదిమంది ఎదుట ఆజ్ఞ ఇచ్చినట్టు చెబితే, ఆ పని మీద వారికి ఏ అభ్యంతరం లేకపోయినా ‘నేను చేయను’ అంటారు. అప్పుడు ఇద్దరికీ వెనక్కు తగ్గే దారి ఉండదు. వంతుకు రానని భీష్మించుకున్న పెద్దమనిషి ఒకరు ఉంటే, వయసు కారణమైతే ఒప్పుకుని కొత్తవారికి నేర్పే బాధ్యత అప్పగించండి. హోదా కారణమైతే ఒప్పుకోకండి.

మేస్త్రీ ద్వారా ఒకే ఊరి నుంచి వచ్చిన గ్యాంగు ఉంటే పంపకాన్ని పూర్తిగా ఆయనకు వదిలేయడం చాలా చోట్ల వాడుక. మీకు సులువుగానే ఉంటుంది. కాని మంచి పనులు ఆయన చుట్టాలకూ, బరువు పనులు కొత్తగా వచ్చినవారికీ పోతుంటే, మీకు తెలిసేసరికి ఇద్దరు ముగ్గురు మానేసి ఉంటారు. ఆయన సలహా అడగండి, జాబితా మీరే రాయండి.

సెలవుల పంపకం కూడా పని పంపకమే. మే నెలలో గంగ జాతర వస్తుంది, అప్పటికి మెషీన్ల మరమ్మతులు జరుగుతుంటాయి కాబట్టి ఎలాగో సర్దుకోవచ్చు. సుబ్రహ్మణ్యస్వామి పండుగ ఆడికృత్తిక అలా కాదు. కాయ ఇంకా వస్తూ ఉన్న రోజుల్లోనే వస్తుంది, కావడి మొక్కుకున్నవారిని ఆపకూడదు, ఆపినా ఆగరు. సీజను మొదట్లోనే మొక్కు ఉన్నవారి పేర్లు రాసుకోండి, వారికి మొదటి ప్రాధాన్యం. మిగిలినవారిలో ఊరికే వెళ్లాలనుకునేవారు చాలా మంది ఉండి, అందరి హక్కూ సమానమైతే, అప్పుడు మీ చీటీలు తీయించండి. ఎవరూ ఎవరికన్నా ఎక్కువ కాదని అందరూ ఒప్పుకున్న చోట చీటీకి మించిన పద్ధతి లేదు. ఈసారి చీటీ రానివారికి వినాయక చవితికి ముందు వరస అని అక్కడే చెప్పండి.

అదనపు గంటలకు రెట్టింపు కూలి కాబట్టి, అది కొందరికి కష్టం, కొందరికి కావలసిన సంపాదన. ఎవరికి ఇష్టమో ముందే అడిగి జాబితా పెట్టుకోండి, ఆ జాబితాలో వరస తప్పకండి. అడగకుండా మీ దగ్గరివారికే ఇస్తే అది నేరుగా డబ్బు పంచినట్టే అవుతుంది.

చివరిగా, బోర్డు ఎన్నిసార్లు రాసినా రోజూ ఏదో ఒకటి చెడుతుంది. పంపు ఆగుతుంది, ఇద్దరు రారు, యజమాని వచ్చి లైను మీది మనిషిని వేరే పనికి తీసుకెళతాడు. అప్పటికప్పుడు మీకు తోచినట్టు మార్చండి, అందులో తప్పు లేదు. మార్చినదాన్ని ఆ సాయంత్రమే వంతు పుస్తకంలో ఎక్కించండి. వంతు కాకపోయినా టెంకలు ఎత్తినవారికి వచ్చే వారం ఆ పని ఉండకూడదు. యజమాని విషయంలో, మనిషిని నేరుగా పిలవకుండా మీకు చెప్పమని ఒకసారి ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. వింటారు, ఎందుకంటే లైను ఆగితే నష్టం ఆయనదే. ముందుగా బెల్టు స్థానాలు మార్చడం, కడిగే పనికి పేర్లు పెట్టడం ఈ వారమే మొదలుపెట్టండి. వంతు పుస్తకం వచ్చే వారం నుంచి తెరవండి. రెండు మూడు వారాల తరువాత మీ వంతుల పట్టిక ఎలా ఉందో ఇక్కడ రాస్తే, అందులో ఎక్కడ బరువు ఒకవైపు ఒరిగిందో చూసి చెబుతాను.